మీ వీధి తూముకు ఎన్ని మార్కులు?



ఇంట్లో మనం రోజూ పరీక్ష చేసేవి చాలా వుంటాయి. బియ్యంలో రాళ్ళున్నాయా, పప్పుకు పురుగు పట్టిందా, గ్యాసు గొట్టం బీటవారిందా అని చూసుకుంటాం. గడప దాటి నాలుగడుగులు వేస్తే కాళ్ళ కింద వుండే తూమును మాత్రం ఎవరం చూడం. వానకు నీళ్ళు వంటింట్లోకి వచ్చిన రోజున అందర్నీ తిట్టుకుంటాం, ఎండ కాయగానే మరిచిపోతాం. అందుకని ఈ వేళ ఈ తూములనూ, వాన కాలవలనూ ఎలా చూడాలో, చూసి మార్కులు ఎలా వెయ్యాలో చెప్పుకుందాం.

"ఇది ఇంజనీర్ల పని కదా, మనకెందుకమ్మా?" అంటారేమో. నిజమే, బాగుచెయ్యడం వారి పనే. కానీ వారు ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చి చూస్తారు. మనం కూరగాయలకనీ, పిల్లల్ని బడికి దించడానికనీ రోజుకు నాలుగుసార్లు ఆ తూము మీదుగానే నడుస్తాం. జబ్బు ముందుగా కనపడేది ఇంట్లో వాళ్ళకే గాని డాక్టరుకు కాదు కదా!

అసలు కల్వర్టు అంటే ఏమిటో తెలియాలంటే పట్నం కన్నా పల్లెదారి నయం. గిద్దలూరు నుంచి పోరుమామిళ్ళ వైపు వెళుతుంటే కొమరోలు వస్తుంది. ఒకవైపు నల్లమల, ఇంకోవైపు వెలికొండ, నడుమ సగిలేటి లోయ. కొండల మీద కురిసిన వాన వంకలై దిగి ఏటిని చేరాలి. రోడ్డేమో వాటికి అడ్డం పడుతుంది. అందుకని వంక వచ్చినచోటల్లా రోడ్డు కింద నీటికి దారి వదులుతారు. ఆ దారి వెడల్పు ఆరు మీటర్ల లోపుంటే దాన్ని కల్వర్టు అంటారు. ఆరు దాటి అరవై మీటర్ల దాకా చిన్న వంతెన, ఆ పైన పెద్ద వంతెన. సిమెంటు గొట్టాలు వేస్తే పైపు కల్వర్టు, రెండు గోడల మీద పలక పరిస్తే స్లాబు కల్వర్టు, పెట్టెలాగా నాలుగు వైపులా కాంక్రీటు పోస్తే బాక్సు కల్వర్టు.

ఆ మెట్ట ప్రాంతంలో వంకలు ఏడాదిలో చాలా రోజులు ఎండిపోయి వుంటాయి. చిక్కంతా అక్కడే వస్తుంది. ఎండిన వంకను చూసి మనిషి నీటిని మరిచిపోతాడు. తూము నోటి దగ్గర కంపచెట్లు మొలుస్తాయి, పాత గోడ కూల్చిన మట్టి తెచ్చి అక్కడే పోస్తారు. ఏదో ఒక రాత్రి కొండ మీద కుండపోతగా కురిస్తే వంక తన పాత దారి వెతుక్కుంటూ వస్తుంది. దారి మూసి వుంటే రోడ్డునే కోసుకుపోతుంది. పట్నంలోనూ ఇదే కథ. కాకపోతే అక్కడ కాలవ మీద పలకలు పరిచేసి వుంటారు, పలకల మీద దుకాణాలు వెలుస్తాయి, కింద కాలవ వుందన్న సంగతే తెలియదు.

నీటి కట్టడానికి గుణదోషాలు ఎంచడం మనకు కొత్తేమీ కాదు. కొమరోలుకు దక్షిణాన వున్న పోరుమామిళ్ళ చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. అక్కడి శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు వుండవలసిన పన్నెండు అంగాలూ, వుండకూడని ఆరు దోషాలూ అందులో చెక్కించారు. ఆ దోషాల్లో కట్ట నుంచి నీరు ఓడటం ఒకటి. ఆరు వందల ఏళ్ళు దాటినా ఈనాటి ఇంజనీరు కూడా తూము దగ్గరికి వెళ్ళి వెతికేది అదే: నీరు రాకూడని చోటి నుంచి వస్తోందా అని.

ఇప్పుడు మార్కుల సంగతి. గిద్దలూరు మీదుగా గుంటూరు-నంద్యాల రైలు మార్గం వుంది కదా. మన రైల్వేవారు వంతెనలకు అంకెలు వేసే పద్ధతి ఒకటి పెట్టుకున్నారు. 5 వేస్తే కట్టడం గట్టిగా వుందని. 4 అంటే మామూలు మరమ్మతు చాలు. 3 అంటే పెద్ద మరమ్మతు కావాలి. 2 అంటే ప్రణాళిక వేసుకుని తిరిగి కట్టాలి. 1 వచ్చిందంటే వెంటనే కట్టాల్సిందే, ఆలస్యం పనికిరాదు.

ఈ పద్ధతిలో మనం నేర్చుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, పునాదికీ, గోడలకూ, పైకప్పుకూ విడివిడిగా అంకెలు వేస్తారు. మొత్తానికి వేసే అంకె వాటి సగటు కాదు, అన్నిటికన్నా తక్కువ వచ్చినదే. అబ్బాయికి తెలుగులో తొంభై వచ్చినా లెక్కల్లో పదిహేను వస్తే తప్పినట్టే కదా! అలాగే పిట్టగోడకు తెల్లగా సున్నం కొట్టి, కింద పునాది కొట్టుకుపోయి వుంటే ఆ తూము తప్పినట్టే. రెండోది, ఏ భాగాన్ని చూడలేదో దానికి సున్నా వేస్తారు. ఆ సున్నాకు అర్థం 'పాడైంది' అని కాదు, 'చూడలేదు' అని. చూడనిదాన్ని 'బాగానే వుంది' అని రాయకూడదన్నమాట. తూముల విషయంలో ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

మనం ఏమేం చూడాలి? తూమును మనిషి వొళ్ళనుకోండి. అయిదు చోట్ల చూస్తే చాలు.

మొదట నోరు, అంటే నీరు లోపలికి వెళ్ళే వైపు. కంప, ప్లాస్టిక్ సంచులు, కొబ్బరి బొండాలు అడ్డం పడ్డాయా? పావు వంతు మూసుకుపోతే తీయించమని చెప్పండి. సగం మూసుకుపోతే వానలకు ముందే తీయించి తీరాలి.

రెండోది కడుపు. పగటిపూట, నీరు లేనప్పుడు, ఒక చివర బయటే నిలబడి వంగి చూడండి. పైపు కల్వర్టు అయితే రెండో చివర వెలుతురు గుండ్రంగా కనిపించాలి. అర్ధచంద్రంలా కనిపిస్తే పూడిక పడిందన్నమాట. అసలు వెలుతురే లేకపోతే పూర్తిగా మూసుకుపోయి వుండవచ్చు. పలక కింద పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు బయటపడ్డాయేమో చూడండి. వెంట్రుకలాంటి బీట వేరు, రూపాయి బిళ్ళ అంచు దూరే బీట వేరు. మీకు అందే చోట బీట వుంటే దాని చివర బొగ్గుతో చిన్న గీత గీసి తేదీ వెయ్యండి. రెండు నెలల తరువాత బీట ఆ గీత దాటిందంటే అది పెరుగుతున్నట్టు.

మూడోది తోక, నీరు బయటికి దూకే వైపు. అక్కడ నీరు గుంత తవ్వుకుంటుంది. గుంత పెరిగి పునాది బయటపడితే మిగతా అంతా బాగున్నా 1 లేదా 2 కన్నా ఎక్కువ వెయ్యకండి.

నాలుగోది భుజాలు. పక్కకు విచ్చుకున్న రెక్కగోడలు ముందుకు వాలాయా? గోడకూ మట్టికట్టకూ మధ్య సందు పడిందా? పిట్టగోడ వుందా, విరిగిందా? రాత్రిపూట సైకిలు మీద వచ్చేవారికి ఆ పిట్టగోడే కాపలా.

అయిదోది నెత్తి, అంటే తూము మీద రోడ్డు. పూడ్చిన చోటే గుంత మళ్ళీ మళ్ళీ పడుతోందంటే కింద మట్టి కరిగిపోతోందని అనుమానించాలి. నీరు తేటగా లోపలికి వెళ్ళి బురదగా బయటికి వస్తున్నా, గొట్టంలోంచి కాక గొట్టం పక్క నుంచి వస్తున్నా అదే గుర్తు. అప్పుడు రోడ్డు పొంగిన పూరీలా తయారవుతుంది. పైన పొర వుంటుంది, లోపల ఏమీ వుండదు. లారీయో, స్కూలు బస్సో ఎక్కిన రోజున కుంగుతుంది. ఇది కనిపిస్తే ఇక వారం, వర్జ్యం చూడకుండా ఆ రోజే ఫిర్యాదు చెయ్యాలి.

తూము గట్టిగా వుంటే చాలదు, చాలినంత పెద్దదిగా కూడా వుండాలి. మీ డాబా 200 గజాలనుకోండి. ఒక్క సెంటీమీటరు వాన పడితే దాని మీద సుమారు 1,670 లీటర్ల నీరు పడుతుంది. పదిహేను లీటర్ల బిందెలతో కొలిస్తే నూటపది బిందెలు! హైదరాబాదులో 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ లెక్కన ఒక్క డాబా నుంచే 2,600 బిందెల పైచిలుకు. వీధిలో ఇళ్ళన్నిటి నీరూ కలిస్తే ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి.

"రెండడుగుల గొట్టం బదులు అడుగు గొట్టాలు రెండు వేశాం, సరిపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. అదే వాలులో నిండుగా పారే ఒక రెండడుగుల గొట్టం పని చెయ్యాలంటే అడుగు గొట్టాలు ఆరుకు పైగా కావాలి. గొట్టం సన్నబడేకొద్దీ నీరు పట్టే చోటూ తగ్గుతుంది, గోడల రాపిడీ పెరుగుతుంది.

ఇన్ని చూసినా ఎగువ సంగతి మరిచిపోతే ముప్పే. 2005 అక్టోబరు 29న, అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర, ఎగువ చెరువులకు గండ్లు పడి వరద ముంచుకొచ్చి చిన్న రైలు వంతెనను కోసేసింది. తెల్లవారుజామున వస్తున్న డెల్టా ప్యాసింజరు అక్కడ పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. రైల్వేవారు పట్టాల ఎగువనున్న చెరువులను కూడా వానాకాలానికి ముందు చూడాలనేది ఇందుకే. మీ వీధి తూముకు పైన ఏ చెరువుంది, ఏ కాలవుంది, దాన్ని ఎవరైనా పూడుస్తున్నారా అన్నది కూడా మీ పరీక్షలో భాగమే.

చిన్నవాటిని చిన్నచూపు చూడకూడదు. 2016లో జాతీయ రహదారుల మీద లెక్క తీస్తే 1,72,517 కట్టడాలు తేలాయి. వాటిలో 1,34,229 కల్వర్టులే. ఇక మన వీధుల్లోవి ఎన్నుంటాయో!

అమ్మా, జాగ్రత్తలు కూడా చెప్పాలి. పరీక్ష పేరుతో తూములోకి దిగవద్దు, పిల్లల్ని దించవద్దు. పాములుంటాయి, విషవాయువులుంటాయి. వాన పడుతుంటే దగ్గరికే పోవద్దు. వేగంగా పారే నీరు అరడుగు లోతున్నా పెద్దవాళ్ళను పడదోస్తుంది. అడుగు లోతుంటే చిన్న కారును లాక్కుపోతుంది. మరో మాట. కాలవ త్వరగా బాగుపడాలని పనివారిని వొట్టి చేతులతో లోపలికి దించమని పట్టుబట్టకండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలవలోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అతనికీ ఇంట్లో ఎదురుచూసే భార్యాబిడ్డలుంటారు.

చివరగా, చూసినది నోటు పుస్తకంలో రాసిపెట్టండి. చాకలి పద్దు, పాల లెక్క రాసుకునే అలవాటు మనకుంది కదా, దాని వెనక పేజీ చాలు. తూము ఎక్కడుంది, ఏ తేదీన చూశారు, అయిదు చోట్లకూ ఏ అంకె వేశారు, ఏది కనపడలేదు. జూన్ రాకముందు ఒకసారి, పెద్దవాన తరువాత ఒకసారి, డిసెంబరులో వానలు వెనక్కి తగ్గాక ఒకసారి చూస్తే చాలు. సెల్‌ఫోనులో ఫొటో ప్రతిసారీ ఒకే చోట నిలబడి తీయండి, మార్పు తెలుస్తుంది.

1 గాని 2 గాని వచ్చిన తూమును గురించి వీధిలో నలుగురు ఆడవాళ్ళు సంతకాలు చేసి మునిసిపల్ ఇంజనీరుకు రాసివ్వండి. "తూము బాగోలేదు" అని రాస్తే కాగితం కట్టలోకి పోతుంది. "దిగువ వైపు పునాది కింద మూరెడు లోతు గుంత, ఏప్రిల్‌లో జానెడే వుంది, ఇదిగో ఫొటో" అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. జవాబు రాకపోతే, ఆ తూమును కిందటిసారి ఎప్పుడు తనిఖీ చేశారు, ఏమని రాశారు అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్ఫై రోజుల్లో చెప్పాలి.

రేపు ఉదయం పాల ప్యాకెట్టుకు వెళ్ళేటప్పుడు ఒక్క నిమిషం ఆగి మీ తూము నోట్లోకి చూడండి. వెలుతురు గుండ్రంగా కనిపించిందా, అర్ధచంద్రంలా కనిపించిందా? అక్కడి నుంచి మొదలుపెట్టండి. సెలవు.