నెల్లిమర్ల మోతకు ఆల్బం ఏదీ?

విజయనగరం నుంచి పాలకొండ రోడ్డు పట్టుకుంటే చంపావతి ఒడ్డున నెల్లిమర్ల. రామతీర్థం భక్తులకు ఇది దారిలో ఊరు. ఉత్తరాంధ్ర కార్మికులకు మాత్రం జూట్ మిల్లు ఊరు.

నార బేళ్లు విప్పి నూనె, నీళ్లు పట్టించి మెత్తబరుస్తారు. దువ్వి, పేని, కండెలకు చుట్టాక అది మగ్గమెక్కి గోనెపట్టా అవుతుంది. మగ్గాల మధ్య పక్కవాడి మాట వినపడదు, అంతా సైగలే. ఇంటికొచ్చాక కూడా గట్టిగా మాట్లాడేవాళ్లుంటారు. అది కోపం కాదు, చెవుల అలవాటు.

ఇలాంటి మోతనే పడమటి దేశాల్లో సంగీతం చేసుకున్నారు. 1976లో బ్రిటన్‌లో థ్రాబింగ్ గ్రిజిల్ బృందం పెట్టిన 'ఇండస్ట్రియల్ రికార్డ్స్' అనే రికార్డుల సంస్థ ఆ బాణీకి పేరిచ్చింది. దానికి హెవీ మెటల్ గిటార్లు తోడైతే ఇండస్ట్రియల్ మెటల్. అందులో పెద్ద పేరు, 1994లో బెర్లిన్‌లో పుట్టిన రామ్‌స్టైన్ బృందం. 2011 డిసెంబరులో వాళ్లు తమ ఆరు ఆల్బంల నుంచి పాటలు ఏరి, కొత్తది ఒకటి చేర్చి 'మేడ్ ఇన్ జర్మనీ 1995–2011' తెచ్చారు. పాడే టిల్ లిండెమన్ ఒకప్పుడు బుట్టలల్లినవాడట! మన గోనె నేతగాళ్లకు దూరపు చుట్టమే.

అదే 1994 నెల్లిమర్లకు ఇంకోలా గుర్తు. జనవరి 29న జూట్ కార్మికుల ఉద్యమంపై పోలీసు కాల్పులు జరిగాయి. ఐదుగురు చనిపోయారు.

యంత్రం మీద పాట మనకూ ఉంది. కట్టినవాడు పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసినవాడు. రామ్‌స్టైన్ వేదిక మీద మంటలు ఎగజిమ్మితే ఈయనకు డప్పు, గజ్జె చాలు. నన్నడిగితే వంగపండుదే అసలు ఇండస్ట్రియల్ పాట. యంత్రం చప్పుడు తెలియడం వేరు, దాన్ని నడిపే చెయ్యి తెలియడం వేరు. 2020 ఆగస్టు 4న ఆయన కన్నుమూశారు.

రామ్‌స్టైన్ పదహారేళ్ల పాట ఒక్క పెట్టెలో దొరుకుతుంది. నెల్లిమర్లకూ అలాంటి సంపుటి ఒకటి కావాలి. మిల్లు సైరన్, మగ్గాల మోత, గేటు సభల్లో పాడిన పాటలు, ముసలి కార్మికుల మాటలు అందులోకి రావాలి. ఆనాటి క్యాసెట్లు ఎవరి అటక మీదైనా ఉంటే పారేయకండి. బూజు పట్టకముందే ఊళ్లోని కుర్రాళ్లకిచ్చి డిజిటల్ చేయించండి.