కొత్తవలస ప్రాంత సేద్యం: సేంద్రియ ఎరువులు, నీటి యాజమాన్యం – కాలుష్య నియంత్రణ

విజయనగరం జిల్లా కొత్తవలస తూర్పు కనుమలకు చేరువలో ఉన్న మండలం. ఈ ప్రాంతంలో ఎర్ర ఇసుక నేలలు విస్తారం. ఇవి నీటిని త్వరగా ఇంకించుకుంటాయి. నీటిలో కరిగిన పోషకాలను పట్టి ఉంచే శక్తి మాత్రం వీటికి తక్కువ. ఇక్కడ వ్యవసాయ కాలుష్య సమస్యను ఈ నేల స్వభావం నుంచే పరిశీలించవలసి ఉంటుంది.

యూరియాలో నత్రజని 46 శాతం. 45 కిలోల బస్తాలో ఇది దాదాపు 20.7 కిలోలు. వరిపొలంలో వేసిన నత్రజనిలో సగానికి పైగా సాధారణంగా పైరుకు అందదు. కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నైట్రేటుగా భూగర్భజలంలోకి దిగుతుంది, కొంత నైట్రస్ ఆక్సైడుగా మారి వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం. ఆ పరిమితి దాటితే పసిపిల్లల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గే ప్రమాదం ఉంది. పొలం గట్టునున్న బోరు నీటినే తాగే కుటుంబాలకు ఇది దూరపు విషయం కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి జలాశయం మీదుగా ప్రవహించి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే గోస్తని, విశాఖ నగరానికి కూడా తాగునీటి వనరు.

దీనికి ప్రత్యామ్నాయంగా సేంద్రియ ఎరువులను సూచించడం సులువే, సమకూర్చుకోవడమే కష్టం. ఉత్తరాంధ్ర రైతులు గత్తమని పిలిచే పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. అంటే ఒక్క యూరియా బస్తాలోని నత్రజని అందాలంటే నాలుగు టన్నుల గత్తం కావాలి. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గిన ఊళ్లలో అంత గత్తం దొరకదు. అందుచేత జీలుగ, జనుము వంటి పచ్చిరొట్ట పైర్ల ప్రాధాన్యం పెరుగుతుంది. వీటిని పూత దశలో కలియదున్నితే గాలిలోని నత్రజని నేలకు చేరుతుంది. రైతు సాధికార సంస్థ నిర్వహిస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం తొలకరికి ముందే నవధాన్యాలను పొడి దుక్కిలో విత్తడాన్ని ప్రోత్సహిస్తున్నది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం సంయుక్తంగా లభించింది. అయితే జీవామృతాన్ని ఎరువుగా లెక్కించడం సరికాదు. అది ప్రధానంగా సూక్ష్మజీవుల వృద్ధికి తోడ్పడే ద్రావణం. అలాగే మాగని పేడను వానకు ముందు వాలు చేలలో పోస్తే అదీ చెరువును కలుషితం చేస్తుంది.

ఎరువు మార్చినా నీటి తీరు మారకపోతే ఫలితం కొంతే. వరిలో ఆరుతడి పద్ధతి ప్రకారం, రంధ్రాల గొట్టంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరిన తరువాతే తిరిగి తడి ఇస్తారు. పూత దశలో మాత్రం నీరు నిలుపుతారు. దీనివల్ల నీరు ఆదా అవుతుంది, మీథేన్ విడుదల గణనీయంగా తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడు కొంత పెరిగే అవకాశం ఉన్నందున, యూరియాను తగ్గించకుండా ఈ పద్ధతి ఒక్కదాన్నే పాటించడం అసంపూర్ణం. కూరగాయలకు, తోటలకు బిందుసేద్యం మేలు. నీటితోపాటే ఎరువు కొద్దికొద్దిగా వేరుకు అందుతుంది. మోటారుకు విద్యుత్తు ఉచితమైనచోట నీటి పొదుపుపై రైతుకు ఆసక్తి తక్కువగా ఉండటం సహజమే.

చెరువు కింది ఆయకట్టులో చిక్కు వేరు. అక్కడ నీరు మడి నుంచి మడికి పారుతుంది. ఎగువ రైతు నిన్న చల్లిన యూరియా నేడు దిగువ రైతు మడిలోకి వస్తుంది. దిగువ రైతు ఒక్కడే ఆరుతడి పాటించదలచినా కుదరదు. విడివిడి పిల్లకాలువలైనా ఉండాలి, లేదా నాట్ల నాటికే ఆయకట్టు రైతులందరూ తడుల వంతులను కలిసి నిర్ణయించుకోవాలి.