కౌన్సెలర్‌కి చెప్పింది కంపెనీకి తెలుస్తుందా?

గల్ఫ్ క్యాంపుల్లో నిద్రపట్టక, అప్పుల దిగులుతో నలిగిపోతున్నా మన తమ్ముళ్లు కౌన్సెలర్ దగ్గరికి పోరు. ‘తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తారు’ అనే భయం.

చెప్పింది గుట్టుగా ఉంచడం కౌన్సెలర్ వృత్తి ధర్మం. ఇండియాలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్ దీన్ని రోగి హక్కు చేసింది. ప్రాణానికి ముప్పు, ఇంకొకరికి హాని, కోర్టు ఆదేశం లాంటివి మినహాయింపులు. అప్పుడు కూడా అవసరమైనంతే చెప్పాలి.

గల్ఫ్‌లో ఏ దేశం చట్టం దానిదే. పైగా మీ మాట హిందీలోకి మార్చి చెప్పే రూమ్మేటుకి ఏ కట్టుబాటూ లేదు. అందుకే ముందే అడగండి: ‘ఇది కంపెనీకి వెళ్తుందా? ఏం రాసిపెడతారు? ఎవరు చూస్తారు?’

తోటి సూపర్‌వైజర్లకు ఒక మాట: మనిషిని తీసుకెళ్లండి, తలుపు బయటే కూర్చోండి. ‘ఏం చెప్పావ్?’ అని మాత్రం అడక్కండి.