గుండె కండరాల బలహీనతను ముందే పసిగట్టే ‘స్ట్రెయిన్’ ఎకో పరీక్ష

శరీర అవసరాలకు తగినంత రక్తాన్ని గుండె పంప్ చేయలేని స్థితిని గుండె వైఫల్యం అంటారు. ఇది గుండెపోటుకు భిన్నమైనది. ఆయాసం, కాళ్ల వాపు, త్వరగా అలసిపోవడం దీని ముఖ్య లక్షణాలు. దీని నిర్ధారణలో ఎకో పరీక్షది ప్రధాన పాత్ర. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో వైద్యుడు ఇంగే ఎడ్లర్, భౌతిక శాస్త్రవేత్త హెల్ముట్ హెర్ట్జ్ అల్ట్రాసౌండ్ తరంగాలతో గుండె కదలికలను నమోదు చేసి ఈ పరీక్షకు నాంది పలికారు.

ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఎంత శాతం ప్రతి స్పందనలో బయటకు వెళుతోందో తెలిపే కొలతను ‘ఎజెక్షన్ ఫ్రాక్షన్’ అంటారు. ఇది 40 శాతం లేదా అంతకంటే తక్కువగా ఉంటే పంపింగ్ సామర్థ్యం తగ్గినట్లు పరిగణిస్తారు. అయితే గుండె వైఫల్య రోగుల్లో దాదాపు సగం మందికి ఈ కొలత 50 శాతం లేదా అంతకు మించి ఉంటుంది. కనుక నివేదికలో ఈ అంకె సాధారణంగా కనిపించినంత మాత్రాన గుండె ఆరోగ్యంగా ఉన్నట్లు కాదు.

జఠరిక గోడ లోపలి పొరలోని కండర తంతువులు నిలువుగా అమరి ఉంటాయి. అధిక రక్తపోటు, మధుమేహం, రక్తప్రసరణ లోపం వంటివి తొలుత ఈ పొరనే దెబ్బతీస్తాయి. మధ్య పొరలోని వలయాకార తంతువులు కొంతకాలం ఆ లోటును భర్తీ చేస్తాయి. అందువల్ల కండరం బలహీనపడినా ఎజెక్షన్ ఫ్రాక్షన్ తగ్గదు.

ఈ దాగిన లోపాన్ని ‘స్పెకిల్ ట్రాకింగ్’ విధానం వెలికితీస్తుంది. ఎకో చిత్రంలో గుండె కండరంపై కనిపించే సహజమైన చుక్కల కదలికలను కంప్యూటర్ వరుస చిత్రాల్లో అనుసరించి, కండరం నిలువుగా ఎంత శాతం కుంచించుకుంటోందో లెక్కిస్తుంది. ఈ కొలతే ‘స్ట్రెయిన్’. కుంచించుకోవడాన్ని సూచిస్తుంది గనుక దీనిని రుణ సంఖ్యగా రాస్తారు. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు మైనస్ 20 శాతం ఉంటుంది. సున్నాకు చేరువయ్యే కొద్దీ బలహీనత పెరిగినట్లు భావించాలి.

గుండెకు హాని చేసే అవకాశమున్న క్యాన్సర్ మందులు వాడే రోగులకు ఈ పరీక్ష ఎంతో ఉపకరిస్తుంది. చికిత్సకు ముందున్న విలువతో పోలిస్తే స్ట్రెయిన్ 15 శాతానికి మించి తగ్గడాన్ని, అంటే ఉదాహరణకు 20 నుంచి 17 కంటే దిగువకు చేరడాన్ని ముందస్తు హెచ్చరికగా పరిగణిస్తారు. గుండె రక్షణకు అవసరమైన మందులు సకాలంలో ప్రారంభించేందుకు ఇది దోహదపడుతుంది.

ఈ పరీక్షలో నొప్పి గాని, రేడియేషన్ గాని ఉండవు. అయితే చిత్రం స్పష్టంగా లేకపోయినా, గుండె లయ తప్పినా ఫలితం మారవచ్చు. పరీక్ష సమయంలోని రక్తపోటు, యంత్రం తయారీ సంస్థ కూడా విలువలపై ప్రభావం చూపుతాయి. కాబట్టి తదుపరి పరీక్షలను వీలైనంతవరకు అదే రకం యంత్రంపై చేయించుకోవడం, రక్తపోటును నివేదికలో నమోదు చేయించడం అవసరం. రోగ లక్షణాలు, రక్త పరీక్షలతో కలిపి పరిశీలించినప్పుడే స్ట్రెయిన్ విలువకు సార్థకత చేకూరుతుంది.