మార్సెయ్‌లో వేసవి వాన ఎందుకు పడదు?

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సెయ్ నగరం సముద్రాన్ని ఆనుకునే ఉంది. అయినా జూలైలో అక్కడ చినుకు రాలడమే అరుదు. ఎందుకు?

కారణం అట్లాంటిక్‌లో, అజోర్స్ దీవుల వైపు ఉంది. అక్కడి అధిక పీడనం వేసవిలో ఉత్తరానికి జరిగి మధ్యధరా మీదికీ విస్తరిస్తుంది. దాని కింద గాలి పైనుంచి దిగుతూ వేడెక్కుతుంది. మబ్బు కట్టాలంటే గాలి పైకి లేచి చల్లబడాలి కదా! శరత్కాలానికి ఆ పీడనం దక్షిణానికి తప్పుకుంటుంది. అప్పుడు, వేసవంతా కాగిన సముద్రం నుంచి లేచిన తేమ ఒక్కోసారి కుండపోతగా కురుస్తుంది.

అసలు విశేషం మిస్ట్రల్ గాలి. పశ్చిమాన అధిక పీడనం, జెనోవా సింధుశాఖ మీద అల్పపీడనం ఏర్పడితే, ఉత్తరాది చల్లగాలి ఆల్ప్స్‌కీ మాసిఫ్ సెంట్రల్ కొండలకీ మధ్యనున్న రోన్ లోయలో ఇరుక్కుని వేగం పుంజుకుంటుంది. గంటకు 100 కిలోమీటర్లు దాటడమూ ఉంది! ఆ పొడిగాలి మబ్బుల్ని ఊడ్చేస్తుంది కాబట్టే చలికాలంలోనూ అక్కడ ఎండ బాగా కాస్తుంది.

ఈ గాలిని అక్కడి రైతులు ఎంత బాగా గమనించారో! పాత ఇళ్ల ఉత్తరపు గోడకు కిటికీలు దాదాపు ఉండవు. పొలాల గట్లపై సైప్రస్ చెట్ల వరుసలు గాలికి అడ్డు నిలుస్తాయి. చాలా ఊళ్లలో గంటస్తంభాల మీద రాతి గోపురానికి బదులు ఇనుప చువ్వల చట్రమే కడతారు, గాలి అందులోంచి దూసుకుపోయేలా.