బొమ్మలమ్మిన చేయి, జెండా పట్టిన చేయి

ప్రజానాయకుల జీవితాలు రాసేటప్పుడు మన రచయితలు తరచు ఒక సులువైన సూత్రాన్ని ఆశ్రయిస్తారు: పేదరికం అనుభవించాడు, కాబట్టి విప్లవకారుడయ్యాడు. ఈ 'కాబట్టి'లోనే అసలు చరిత్ర మరుగున పడుతుంది. పేదరికం ఒక్కటే మనిషిని ఉద్యమంలోకి తెచ్చేదైతే మన పల్లెల్లో ఉద్యమకారులు కానివాళ్లెవరూ మిగలరు. ఈ సూత్రం ఎంత నిలుస్తుందో చూడడానికి మఖ్దూం మొహియుద్దీన్ జీవితం తగిన ఉదాహరణ.

ఆయన 1908లో అందోలులో పుట్టాడు. మా చింతమడకకూ అందోలుకూ 2016 దాకా జిల్లా ఒకటే, మెదక్. చిన్నతనంలోనే తండ్రి పోతే పినతండ్రి పెంచాడు. రష్యాలో విప్లవం వచ్చిందనీ, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తింటారనీ ఆ పినతండ్రి నోటనే విన్నాడు. చదువు కోసం హైదరాబాదు చేరాక బొమ్మలు, సినిమా తారల ఫోటోలు అమ్మాడు. ట్యూషన్లు చెప్పాడు. పత్రికల్లో పనిచేశాడు. అలా ఉస్మానియాలో ఎం.ఏ. దాకా చదివాడు.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాలి. వీధిలో బొమ్మలమ్మేవాడికి యజమాని లేడు. పక్కన నిలబడే తోటి కార్మికుడూ లేడు. ఎదుటివాడు కొంటే అన్నం, కొనకపోతే పస్తు. ఈ బతుకు మనిషికి లోకజ్ఞానం ఇస్తుంది, అవమానాన్ని రుచి చూపిస్తుంది. కాని సంఘటిత శక్తిని చూపించలేదు. పక్క అంగడివాడు ఇక్కడ పోటీదారు, సహచరుడు కాడు. చిల్లర వర్తకం నుంచి నేరుగా వర్గ చైతన్యానికి దారి లేదు.

ఆ దారి వేసింది సంస్థలు. మఖ్దూం సిటీ కాలేజీలో ఉపన్యాసకుడయ్యాడు. ఆకలి తీరింది. సూత్రం నిజమైతే కథ అక్కడితో ముగియాలి. కాని రెండో ప్రపంచయుద్ధపు తొలినాళ్లలో కామ్రేడ్స్ అసోసియేషన్ అనే యువజన బృందం ఆయనను రాజకీయ అధ్యయనంలోకి దింపింది. ఉద్యోగం వదిలి పూర్తికాలం కార్యకర్త అయ్యాడు. సిగరెట్ ఫ్యాక్టరీ, ఆల్విన్ వంటి కర్మాగారాల్లో యూనియన్లు కట్టాడు. 1946లో ఏర్పడిన ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యాడు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చాడు. 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభలో అడుగుపెట్టాడు. బొమ్మలమ్మిన ఒంటరి యువకుడికీ ఈ నాయకుడికీ మధ్య వారధి పేదరికం కాదు, కార్మికులతో కలిసి చేసిన పని.

అయితే ఆ వీధి జీవితం వృథా పోలేదు. కొనేవాడి ముఖం చదవడం నేర్చినవాడికి వినేవాడి మనసు అందుతుంది. 1944లో వచ్చిన 'సుర్ఖ్ సవేరా'లో ప్రేమ కవితలూ పోరాట కవితలూ ఒకే అట్టల మధ్య ఉండడం కొందరు విమర్శకులకు వైరుధ్యంగా తోచింది. అది వైరుధ్యం కాదు. తాను చేరవలసిన మనిషి కూలి కోసమూ బతుకుతాడు, చెలి కోసమూ బతుకుతాడని ఆ కవికి తెలుసు. అనుభవం సరుకు ఇచ్చింది. ఉద్యమం దానికి దిశ ఇచ్చింది. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్ని వదిలినా మఖ్దూం మనకు అర్థం కాడు.

ఈ చర్చ గతానికే పరిమితం కాదు. ఇవాళ బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపే ఆడపిల్లలున్నారు. వాళ్లకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించవలసి వచ్చింది. కేరళలో ఆ చట్టం వెనక దుకాణాల్లో పనిచేసే స్త్రీలే కూడగట్టుకుని చేసిన పోరాటం ఉంది. మన కథల్లో ఆ పిల్ల కనిపిస్తే కన్నీటితోనే కనిపిస్తుంది. ఆమె కాళ్లనొప్పి రాయడం అవసరమే. కాని పక్క కౌంటరులోని పిల్లతో ఆమె మొదటిసారి 'మనం' అన్న క్షణాన్ని పట్టుకోవడం అంతకన్నా అవసరం. అభ్యుదయ రచయిత పని అక్కడ మొదలవుతుంది.