ఊదావన్నె

ఐరోపా దేశములందు వయొలెట్టను చిన్నిపూవు కలదు. ఆకుల మాటున తలవంచి పూయును. కంటికి కానరాకున్నను పరిమళముచే పట్టుబడును. కావున ఆంగ్లేయులు దానిని అణకువకు గుర్తుగా నెంచిరి. పూవు పేరే వన్నెకును వచ్చెను. (మనము వంగపండు రంగందుము. వంటయింటివారము గదా!)

వన్నె కథ వేఱు. విక్టోరియా రాణి కాలమున భర్తను గోల్పోయిన స్త్రీ చిరకాలము నల్లని దుస్తులు ధరించి, పిదప ఊదా, బూడిద వన్నెలకు మాఱుట యాచారము. భార్యను గోల్పోయిన పురుషునకు ఇంత నిర్బంధము లేదు. ఒకరి మరణమును వస్త్రముగా కట్టుకొని తిరుగుట స్త్రీకే విధించిరి!

అట్టి వన్నెనే 1908వ సంవత్సరమున ఓటు హక్కునకై పోరాడు స్త్రీలు, తెలుపు, ఆకుపచ్చలతో జేర్చి, తమ గుర్తుగా గైకొనిరి. తెలుపు నిర్మలత్వము, ఆకుపచ్చ ఆశ, ఊదా ఆత్మగౌరవము అని వారి నాయకురాలు ఎమ్మెలిన్ పెథిక్ లారెన్సు వివరించెను. ఆ యేట జూన్ 21వ తేదీన లండను నగరపు హైడ్ పార్కున ఆ వన్నెలు దాల్చి స్త్రీలు వేలకొలది గుమిగూడిరి. ఎందఱో చెఱసాలల పాలైరి. 1918లో 30 యేండ్లు దాటి, ఆస్తి నియమమునకు లోబడిన స్త్రీలకు మాత్రమే ఓటు దొరకెను. పురుషులతో సమానముగా దొరకుటకు 1928 రావలసివచ్చెను.